ఎవరి ముక్క వాళ్ళు తినొద్దు

శిక్షణ లేనివాళ్ళు ఇక మీదట పిల్లలకు సత్యోపదేశం చెప్పకూడదట. పోయిన ఆదివారం పూజ చివర ఫాదరుగారు ప్రకటనల్లో చదివారు. వేసవిలో పది రోజులు తరగతులు పెడతారు, మేమంతా ఫారాలు నింపి ఇవ్వాలి, సర్టిఫికెట్టు చేతికొచ్చినవాళ్ళే జూన్ నుంచి పిల్లల ముందు నిలబడాలి. సత్యోపదేశం అంటే మా కతోలిక పిల్లలకు విశ్వాసం నేర్పే పాఠం. దేవుడెవరు, జ్ఞానస్నానం ఎందుకు, పూజలో ఫాదరు నాలుక మీద పెట్టే సత్ప్రసాదం అంటే ఏమిటి, ఇవన్నీ ఆదివారం పూట ఓ గంటసేపు చెబుతాం. మా చర్చిలో ఆ పని చేసేవాళ్ళం తొమ్మిది మందిమి. ప్రకటన విని ఎనిమిది మంది తలలూపారు. నేను ఊపలేదు. నలభై ఏళ్ళ నుంచి చెబుతున్నాను. నా దగ్గర పరలోక జపం నేర్చుకున్న పిల్ల ఇప్పుడు మనవణ్ణి వెంటబెట్టుకొచ్చి నా ముందు కూర్చోబెడుతోంది. ఈ వయసులో నాకు శిక్షణ ఏమిటని కాదు నా కోపం. నేర్చుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా కోపమంతా ఆ ఫారంలో నాలుగో గడి మీద.

"ఇంతకు ముందు శిక్షణ పొందిన స్థలం, శిక్షకుల పేరు" అని ఉంది అక్కడ.

సాయంత్రం ఆ ఫారం పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. మేముండేది అశోక్ నగర్‌లో మూడో అంతస్తు. ఎదురు మేడ మొత్తం హాస్టలు. సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లలు డాబా మీద పచార్లు చేస్తూ వల్లె వేస్తుంటారు. ఒకరు ప్రశ్న వేస్తే ఇంకొకరు ఊపిరి తీసుకోకుండా జవాబు చెబుతారు. కింద చాయ్ బండివాడు పెనం మీద బన్ను మాడ్చినట్టున్నాడు, పిండి మాడిన వాసన మూడంతస్తులు ఎక్కి వచ్చింది. ఆ ప్రశ్నలూ జవాబులూ ఆ వాసనా కలిసేసరికి ఫారం ఒళ్ళోనే ఉండిపోయింది. నేను పదకొండేళ్ళ పిల్లనైపోయాను.

మాది చిక్కడపల్లి వెనక నాలా పక్కన బస్తీ. అమ్మానాయనలు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. నాయన మేస్త్రీ దగ్గర సిమెంటు మాలు కలిపేవాడు, అమ్మ ఇటుకలు మోసేది. అశోక్ నగర్‌లో అప్పుడు ఒక్కొక్క ఇల్లే లేస్తోంది. ఆదివారం గుడికి, అంటే చర్చికి, పోయేటప్పుడు ఏ ఇల్లు తను కట్టిందో అమ్మ దారి పొడుగునా చూపించేది. ఏ ఇంటివాళ్ళు మంచినీళ్ళడిగితే గేటు బయట నిలబెట్టి దోసిట్లో పైనుంచి పోశారో అదీ చూపించేది. రెండూ ఒకే గొంతుతో చెప్పేది.

మా తాత కాలంలో కరువొచ్చినప్పుడు ఊరికొచ్చిన ఒక ఫాదరు దగ్గర జ్ఞానస్నానం తీసుకున్న కుటుంబం మాది. గంజి కోసం మతంలో కలిశారని బస్తీలో ఎవరైనా దెప్పితే అమ్మ తడుముకునేది కాదు. "అవ్, గంజికే కలిసినం. ఆకలైనోనికి గంజి వోసినోడు దేవుడు గాకపోతే ఇంకెవడు దేవుడు? నువ్వు వోస్తివా?" అనేది. నాకీ తలపొగరు ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు. మా అమ్మను ఎరిగి ఉండి కూడా అడుగుతాడు, అదీ విచిత్రం.

నారాయణగూడ వైపు ఒక సందులో కాన్వెంటు ఉండేది. దాని వెనక వంటిల్లు, వంటింటి ముందు బండలు పరిచిన వాకిలి. ఆ వంటింటికి పెద్ద, ఆయమ్మ. ఆమెకు పేరు ఏదో ఉండే ఉంటుంది, సిస్టర్ల దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. మా జిల్లా మనిషే. మొగుడు పోయాక కాన్వెంటులో చేరింది. పొట్టిగా ఉండేది. మోచేతుల కింద కాలిన వాతలు, ముక్కుకు పుల్ల. వంటతో పాటు పూజలో వాడే అప్పాలు కాల్చడం ఆమె పని.

అప్పాలంటే బెల్లం వేసి నేతిలో వేయించేవి కావు. గోధుమపిండి, నీళ్ళు, అంతే. ఉప్పు లేదు, పులుపు లేదు, నూనె చుక్క లేదు. పొడుగు కాడలున్న రెండు ఇనుప పలకలు పట్టకారులాగా మూసుకునేవి. కుంపటి మీద వాటిని కాల్చి, గంటెడు పలచటి పిండి పోసి నొక్కితే సుయ్‌మని ఆవిరి లేచేది. అంచుల్లో కారిన పిండి మాడి వాకిలంతా ఆ వాసనే. తెరిస్తే కాగితమంత పలచటి తెల్లటి రేకు, దాని మీద సిలువ గుర్తులు. ఆ రేకుల్ని తడిబట్ట కింద కాసేపు మెత్తబెట్టి, గుండ్రటి గొట్టంతో ఒక్కొక్క బిళ్ళ కత్తిరించేది. బిళ్ళలు గుడికి పోయేవి. మిగిలిన అంచులూ మూలలూ మావి. వాటిని కత్తిరింపులు అనేవాళ్ళం. నోట్లో వేసుకుంటే రుచేమీ ఉండదు, నాలుకకు అంటుకుని మెల్లగా కరుగుతాయి. ఆ రుచి లేని దానికోసం ప్రతి శనివారం మధ్యాహ్నం బస్తీ నుంచి పన్నెండు మంది పిల్లలం పరుగెత్తుకుపోయేవాళ్ళం.

ఆయమ్మ కత్తిరింపులు ఊరికే ఇచ్చేది కాదు. "జపం చెప్పు, తీస్కపో" అనేది. జపం వచ్చాక ప్రశ్నలు మొదలుపెట్టేది. ఆమెను టీచరుగా ఎవరూ పెట్టలేదు. అసలు క్లాసు ఆదివారం పొద్దున కాన్వెంటు హాల్లో, బెంచీల మీద, బూట్లున్న పిల్లలకు. మమ్మల్ని రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. మాకు వంటింటి వాకిలే క్లాసు. చేతులు కడుక్కుని రావాలి, అదొక్కటే ఫీజు.

ఆయమ్మకు అక్షరం ముక్క రాదు. ప్రశ్నలు మాత్రం ఇలా వేసేది.

"దేవుడు యాడున్నడు?"

"అంతట ఉన్నడు" అనేవాళ్ళం అందరం కలిసి.

"మీ అమ్మలు ఇటుకలు మోసేకాడ?"

"ఆడ గూడ ఉన్నడు."

"ఆడ ఏం జేస్తున్నడు?"

"సూస్తున్నడు."

"సూసుడేనా? ఒక్క ఇటుకన్న పట్టుకుంటలేడా?"

జవాబు తను చెప్పేది కాదు. "వచ్చే శనారం చెప్పుండ్రి" అని కుంపటి వైపు తిరిగేది. ఆ వారం నేను అమ్మ పనిచేసే చోటికి పోయి నిజంగానే చూశాను, దేవుడు ఇటుకలు పట్టుకుంటున్నాడా అని. మేస్త్రీ అమ్మ తల మీద ఇంకో రెండు ఇటుకలు పెట్టబోతుంటే పక్కనున్న ముసలామె వాటిని లాక్కుని తన తట్టలో వేసుకుంది. మేస్త్రీ తిట్టినా వినలేదు. శనివారం నాడు అది చెప్పాను. "అగో, పట్టుకున్నడు గద" అంది ఆయమ్మ, పెద్ద విశేషమేమీ కానట్టు. ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను, లావుపాటివి కూడా. అంత తొందరగా అర్థమయ్యేలా ఏ పుస్తకమూ చెప్పలేదు.

మేమేమీ బుద్ధిమంతులం కాదు. పిండి గిన్నెలో వేలుపెట్టి నాకేవాళ్ళం. సిస్టర్ల కోసం ఆరబెట్టిన మామిడి ఒరుగులు ఎత్తుకుపోయేవాళ్ళం. ఒక శనివారం నేను రేకు మొత్తాన్నే దొంగిలించాను. ఆయమ్మ బొగ్గులకు పోయినప్పుడు గౌను కింద పొట్టకు ఆనించి దాచుకున్నాను. ఆమె రాగానే అందర్నీ మోకాళ్ళ మీద నిలబడి జపం చెప్పమంది. నేను వంగానో లేదో లోపల రేకు పటపటమని విరిగింది.

"నాకే ఇనవడ్డది. పైనోనికి ఇనవడదా?" అంది ఆయమ్మ.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ముక్కలన్నీ బయటికి తీయించింది. "నీ చేత్తోని తలా ఒకరి నోట్ల వెట్టు. నువ్వు తినొద్దు. ఎవరన్న నీ నోట్ల వెడితేనే నువ్వు తినాలె" అంది. పదకొండు నోళ్ళలో పెట్టాను. అందరూ తింటూ నన్ను చూసి ఇకిలించారు. చాలాసేపటికి ముక్కు కారే చిన్నపిల్ల ఒకతి తన నోట్లోంచి సగం కొరికిన ముక్క తీసి నా నోట్లో పెట్టింది. నేను ఛీ అనలేదు, తిన్నాను. ఆ పద్ధతి ఆయమ్మకు నచ్చినట్టుంది. ఆ వారం నుంచి అదే కట్టు. ఎవరి ముక్క వాళ్ళు తినొద్దు, పక్కవాళ్ళ నోట్లో పెట్టాలి. నా దొంగతనం నుంచి పుట్టిన నియమం కాబట్టి దాని మీద నాకేదో హక్కు ఉన్నట్టు మిగతావాళ్ళ మీద పెత్తనం చేసేదాన్ని.

మాకు మొదటి సత్ప్రసాదం ఇవ్వాల్సిన ఏడు కాన్వెంటుకు కొత్త ఉపదేశి వచ్చాడు. ఉపదేశి అంటే సత్యోపదేశం చెప్పడమే పనిగా ఉన్న సారు. గుంటూరు వైపు మనిషి. రెండేళ్ళు శిక్షణ పొంది, పరీక్ష పాసై వచ్చినవాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో చుట్టచుట్టిన బొమ్మల పటాలు. మంచివాడు, ఆ మాట చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టు. ఎవర్నీ కొట్టేవాడు కాదు. బస్తీ పిల్లలకు వేరే క్లాసేమిటి, అందరూ హాల్లోనే కూర్చోవాలని పట్టుబట్టింది ఆయనే. అలా మేం మొదటిసారి బెంచీలు ఎక్కాం.

అమ్మ సుల్తాన్ బజార్‌కు పోయి తెల్లగుడ్డ తెచ్చింది. బస్తీలో మిషనున్న ఆమె గౌను కుట్టింది. ఎలుకలు కొట్టకుండా అమ్మ దాన్ని పాత చీరలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. రోజూ పనినుంచి వచ్చి, చేతులకంటిన సిమెంటు గోకి గోకి కడుక్కుని, మూట దించి గౌను ముట్టుకుని చూసేది. తన మొదటి సత్ప్రసాదానికి తల మీద వేసుకునే గుడ్డ కూడా అరువు తెచ్చుకుందట. ఆ మాట చాలాసార్లు చెప్పింది.

సత్ప్రసాదం ఇచ్చే పండుగకు వారం ముందు సారు మాకు అభ్యాసం పెట్టాడు. సత్ప్రసాదం నాలుక మీద ఎలా తీసుకోవాలి, కొరకకుండా ఎలా కరిగించాలి అన్నది పిల్లలకు ముందే అలవాటు చేస్తారు. దానికి వాడేవి వట్టి బిళ్ళలు. పూజలో ఫాదరు ప్రార్థన చెప్పి ప్రతిష్ఠ చేసేదాకా అవి రొట్టెలే. ఆయమ్మ కాల్చినవే పళ్ళెంలో వచ్చాయి. వెనక కుర్చీల్లో కొందరు తల్లులు కూర్చున్నారు, మా అమ్మలు కాదు, వాళ్ళు పనికి పోయారు. మా పన్నెండు మంది వరుసలో నేను చివర. నా కుడి పక్కన బర్కత్‌పుర నుంచి కారులో వచ్చే ఒక ఆఫీసరుగారి అమ్మాయి. తెల్ల మేజోళ్ళు, రెండు జడలకూ రిబ్బన్లు. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పాత కతోలిక కుటుంబం వాళ్ళది.

"పళ్ళెం మీ దగ్గరకు వస్తుంది. తలా ఒకటి తీసుకుని పట్టుకోండి. నేను చెప్పగానే నోట్లో పెట్టుకోవాలి, కొరకకూడదు. అర్థమైందా?" అన్నాడు సారు.

అర్థమైందన్నాం. పళ్ళెం బెంచీల వెంట కదిలింది. అందరి చేతుల్లోకీ బిళ్ళలు వచ్చాక సారు "ఊఁ, పెట్టుకోండి" అన్నాడు. మా వరుసలో పన్నెండు చేతులు ఒక్కసారే పక్కకు తిరిగాయి. ఎవరమూ ఆలోచించలేదు, అన్నం ముందు చేతులు కడుక్కున్నట్టే అది మాకు. ఎడమ పక్క పిల్ల బిళ్ళ నా నోట్లోకి వచ్చింది. నా బిళ్ళ ఆఫీసరుగారి అమ్మాయి నోటి ముందుకు పోయింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా వేళ్ళను చూసింది. తర్వాత నోరు తెరిచింది. నేను పెట్టాను. జరిగింది ఇంతే.

వెనక కుర్చీ ఒకటి గట్టిగా జరిగిన చప్పుడైంది. ఆ అమ్మాయి వాళ్ళమ్మ వచ్చి, చేతిరుమాలు తీసి కూతురి గడ్డం కింద పట్టింది.

"ఉమ్మెయ్" అంది. "ఉమ్మెయ్యమంటున్నానా. ఎవరి చేతులో ఏమిటో."

ఆ అమ్మాయి ఉమ్మేసింది. ఆమె రుమాలు నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. నావైపు కన్నెత్తి చూడలేదు, తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి ఏదైనా అనేదాన్ని. రుమాలు అంచుకు నీలం దారంతో పువ్వులు కుట్టి ఉన్నాయి. ఇన్నేళ్ళయినా ఆ పువ్వులు గుర్తున్నాయి. మర్చిపోవాలని నేను ప్రయత్నించలేదు కూడా.

సారు మొహం పాలిపోయింది. "ఎవరు నేర్పారర్రా మీకిది?" అన్నాడు.

"మా ఆయమ్మ" అన్నారు మావాళ్ళంతా, మెచ్చుకుంటారనుకుని.

మర్నాడు మదర్, అంటే కాన్వెంటు పెద్ద సిస్టరు, ఆయమ్మనూ మా అమ్మలనూ పిలిపించింది. మేం వాకిట్లో నిలబడి విన్నాం. పవిత్రమైనదాన్ని ఆటబొమ్మను చేశారంది. పండుగనాడు నిజమైన సత్ప్రసాదంతోనూ ఇలాగే చేస్తే ఎంత ఘోరమంది. ఆ భయంలో న్యాయం లేదని నేను అనను. రుమాలు సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు.

"శిక్షణ లేనివాళ్ళు పిల్లలకు సత్యోపదేశం చెప్పడానికి వీల్లేదు. ఆయమ్మా, ఇక నీ పని వంట వరకే. పిల్లలు ఒక్కొక్కరూ ఫాదరుగారి ముందు తప్పయిందని చెప్పాలి. చెప్పినవాళ్ళకే ఈ ఏడు సత్ప్రసాదం" అంది మదర్.

ఆయమ్మ తల వంచుకోలేదు. "నాకు శిక్షణ లేదు మదర్, నిజమే. గా సారుకిచ్చిన శిక్షణ నాగ్గూడ ఇయ్యుండ్రి. కూసుంట" అంది.

"నీకు చదువు రాదు కదా."

"ఇననీకె వస్తది గద."

ఆయమ్మ అడిగినదానికి ఆనాడు ఎవరూ జవాబు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

ఇంటికి పోయాక అమ్మ దూలం మీది మూట దించి నా ముందు పెట్టింది. "ఒక్క మాట బిడ్డా. తప్పయిందని అనరాదు? నోరేమన్న అరుగుతదా?"

"నేనేం తప్పు జేసిన?"

"ఏం జెయ్యలే. జెయ్యకున్నా అనాలె మనం. రోజు మేస్త్రీకాడ నేను అంటలేనా?"

నాకు ఒళ్ళు మండింది. గంజి గురించి బస్తీవాళ్ళ నోళ్ళు మూయించే మా అమ్మ ఒక గౌను ముందు ఇలా మెత్తబడుతుందా అని మండింది. ఏడ్చాను. ఏడుస్తూనే అనను అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది, ఆమె అడిగింది తన కోసం కాదని. అప్పుడు తెలియలేదు. అమ్మ గౌనును మళ్ళీ చీరలో చుట్టి దూలానికి కట్టింది.

ఫాదరుగారు శనివారం పొద్దున కాన్వెంటు వరండాలో కుర్చీ వేసుకుని పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచారు. పెద్దాయన, ముక్కుపొడి పీల్చే అలవాటు. మా వాళ్ళు పదకొండు మంది పోయి తప్పయిందని చెప్పి వచ్చారు. వాళ్ళను నేనేమీ అనను, వాళ్ళ ఇళ్ళలోనూ దూలాలకు మూటలున్నాయి. చివరికి నన్ను పిలిచారు. వంటింటి గుమ్మంలో ఆయమ్మ చింతపండు పిసుకుతూ నిలబడి ఉంది. ఆమెకు అంతా వినపడుతుంది.

"ఎందుకు పెట్టావమ్మా ఆ పిల్ల నోట్లో?" అన్నారు ఫాదరు.

"పక్కన కూసున్నది గద ఫాదర్."

"నీది నువ్వు తినాలని సారు చెప్పలేదా?"

"చెప్పిండు."

"మరి?"

"పూజల మీరు మీది తిని ఊకుంటరా ఫాదర్? మాకు పెట్టనీకె కిందికి దిగొస్తరు గద."

ఆయన ముక్కుపొడి డబ్బీ తెరిచి, పీల్చకుండానే మూశారు. "తప్పయిందని చెబుతావా, చెప్పవా?"

"అప్పాల రేకు దొంగతనం జేసిన. గది తప్పే, చెప్త. గిది తప్పు గాదు. చెప్ప."

గౌను కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. ఫాదరు డబ్బీ జేబులో వేసుకున్నారు. "సరే, పో. రేపు పొద్దున ఏమీ తినకుండా రా" అన్నారు.

సత్ప్రసాదం తీసుకునేవాళ్ళే పరగడుపున వస్తారు. నన్నూ రమ్మన్నారన్న సంగతి బుర్రకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. ఇంటిదాకా పరుగెత్తాను. అమ్మ ఏమీ అడక్కుండా మూట దించింది.

ఆదివారం మమ్మల్ని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. మా వంతు వచ్చాక పోయి మోకరించాం. ఫాదరు నా నాలుక మీద సత్ప్రసాదం పెట్టారు. ఆయమ్మ కాల్చిన రొట్టె, అదే చప్పదనం, మెల్లగా కరిగింది. మా పన్నెండు మందిలో ఒక్కరూ పక్కకు తిరగలేదు. ఏది వట్టి రొట్టో ఏది కాదో ఆయమ్మ మాకు ఎప్పుడో చెప్పింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, అంతే.

పూజ తర్వాత కాన్వెంటు ఆవరణలో అందరికీ చాయ్, అరటిపండు, తలా ఒక తియ్య బన్ను ఇచ్చారు. నేను బన్ను పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డాను. ఆఫీసరుగారి అమ్మాయి ఒక్కతే అక్కడికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. వాళ్ళమ్మ దూరంగా ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ అమ్మాయి నా ఎదురుగా నిలబడి నోరు తెరిచింది.

నేను బన్ను ముక్క తుంచాను. ఆమె కళ్ళలోకి చూస్తూ నా నోట్లో పెట్టుకున్నాను. ఇంకో ముక్క తుంచాను, అదీ నేనే తిన్నాను. ఆమె కాసేపు అలాగే నోరు తెరుచుకుని నిలబడి, మూసుకుని వెళ్ళిపోయింది.

గిన్నెలు కడగడానికి వచ్చిన ఆయమ్మ అంతా చూసింది.

"నీది నువ్వే తిన్నవా?" అంది.

"తిన్న."

"కడుపు నిండిందా?"

ఆమె గిన్నెలెత్తుకుని లోపలికి పోయింది. అప్పటినుంచి ఫాదరు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఎన్నో చెప్పాను. దొంగతనాలు చెప్పాను, అబద్ధాలు చెప్పాను, అత్తగారిని అన్న మాటలు చెప్పాను. ఆ బన్ను సంగతి ఏ ఫాదరుకూ చెప్పలేదు. ఆ పిల్ల వాళ్ళమ్మ చెబితే ఉమ్మింది. నాకెవరు చెప్పారు?

ఆయమ్మ క్లాసు ఆగిపోయింది, కాగితం మీద. శనివారాలు మేం ఆమెకు పిండి కలపడానికి సాయం పోయేవాళ్ళం, సాయం చేయొద్దని మదర్ అనలేదు కదా. సాయం చేసేటప్పుడు ఆయమ్మ ఏవో అడిగేది, మేం చెప్పేవాళ్ళం. ఒకటి రెండుసార్లు సారు గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. చూడనట్టే వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు కరెంటు మిషను వచ్చింది, ఇనుప పలకలు అటకెక్కాయి. ఆయమ్మ పోయేనాటికి నేను ఆదివారం బడిలో పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు బిళ్ళలు ప్యాకెట్లలో వస్తాయి. కత్తిరింపులు ఎక్కడ మిగులుతాయో, ఎవరు తింటారో తెలియదు. ఆ సందులో వంటిల్లు లేదు, వాకిలి లేదు, పైన ఫ్లైఓవరు మీద బండ్ల మోత.

నిన్న పొద్దున ఫారం తీసుకుని చర్చి ఆఫీసుకు పోయాను. శిక్షణ చూసుకునేది ఒక చిన్న సిస్టరు. బెంగుళూరులో పెద్ద చదువు చదివి వచ్చింది, నా కూతురికంటే చిన్నది. ఫారాలన్నీ తనే కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది. నాకు చాయ్, బిస్కెట్లు తెప్పించి, నా ఫారం చదివి ఆగింది.

"ఆంటీ, నాలుగో గడిలో ఇదేంటి? కాన్వెంటు వంటిల్లు, ఆయమ్మ అని రాశారు."

"యాడ నేర్చుకున్నవని అడిగిండ్రు. రాసిన."

"అది శిక్షణ కింద రాదు ఆంటీ. 'లేదు' అని పెట్టేస్తాను. చాలామంది అలాగే రాశారు, తప్పేం లేదు. పది రోజులొస్తే మీకూ సర్టిఫికెట్ వచ్చేస్తుంది."

"పది రోజులొస్త. ముందు బెంచిల కూసుంట, మీరు చెప్పిందంత నేర్చుకుంట. గని లేదు అని మాత్రం పెట్టొద్దు."

"సిస్టమ్ తీసుకోదేమో ఆంటీ."

"జర తీసుకొమ్మని చెప్పు బిడ్డా దానికి."

ఆ పిల్ల నవ్వింది. ఎవరు ఆంటీ ఈ ఆయమ్మ, అని అడిగింది. చెప్పాను. ఇనుప పలకల దగ్గర్నుంచి నీలం పువ్వుల రుమాలు దాకా చెప్పాను. అక్కడితో ఆపుదామనుకున్నాను. ఆగలేదు, బన్ను సంగతీ చెప్పేశాను. మా ఆయనకు కూడా తెలియని సంగతి అది. సిస్టరు రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంచి విన్నది. ఆమె చాయ్ మీగడ కట్టింది.

పళ్ళెంలోంచి ఒక బిస్కెట్టు తీసి విరిచాను. సగం ఆమె నోటి ముందు పట్టుకున్నాను. ఒక్క క్షణం నా వేళ్ళను చూసింది. తర్వాత నోరు తెరిచింది.

నమలుతూనే నాలుగో గడిలో టైపు చేసింది. నేను కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. కాన్వెంటు వంటిల్లు, ఆయమ్మ అని ఉంది. మిగిలిన సగం బిస్కెట్టు పళ్ళెంలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నా ముక్క నేను తినను కదా.